మహవా మొగుడి తెల్లచీటీ

ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న కొనాక్రీ పట్నంలో బుల్బినే రేవు ఆడవాళ్లందరిలోకీ నోరు పెద్దది మహవా బంగూరాది. తెల్లవారకముందే పడవల దగ్గరికి పోయి చేపలు దింపించుకునేది. తడికెల మీద పరిచి, పొగబెట్టి, సంతకి పంపేది. ఆమె బేరం మొదలుపెడితే పడవవాళ్లు ముందే ధర దించేసేవారు, ఆ మాటలన్నీ వినడంకన్నా అదే నయమని.

ఆమె మొగుడు నాబీ సూమా మెతక మనిషి. రేవు అధికారి ద్యుఫ్రెన్ అనే ఫ్రెంచి దొర ఇంట్లో వంటవాడు. దొరకి వెన్నలో చేపలు వేయించిపెట్టి, ఇంటికొచ్చి కర్రపెండలం ఆకుకూరతో అన్నం తినేవాడు. రెండూ బాగుంటాయనేవాడు. అతనికి దేనిలోనైనా రెండు వైపులూ కనిపించేవి. మహవాకి చిరాకల్లా దానితోనే.

1958 వానాకాలంలో పారిస్ నుంచి ఫ్రాన్సు ప్రభుత్వాన్ని నడిపే పెద్దాయన వచ్చి విమానం దిగి, ఫ్రాన్సుతో కలిసి ఉంటారో విడిపోతారో సెప్టెంబరు నెలాఖరున ఓటేసి చెప్పమన్నాడు. కలిసుంటామంటే తెల్లచీటీ, స్వాతంత్ర్యం కావాలంటే ఊదాచీటీ. విడిపోయేవాళ్లకి ఇక ఫ్రాన్సు నుంచి ఏమీ రాదని చెప్పి, మళ్లీ విమానం ఎక్కాడు.

రేవు ఆడవాళ్లు వెంటనే సమావేశమై ఒక తీర్మానం చేశారు. తెల్లచీటీ వేస్తాననే మొగుడికి అన్నం పెట్టకూడదు, ఇంకా ఆలోచిస్తున్నాననే వాడికీ పెట్టకూడదు. తీర్మానం పెట్టింది మహవానే. ఇంటికెళ్లాక గానీ మొగుణ్ణి అడగలేదు.

"నువ్వే చీటీ వేస్తావయ్యా?"

"తెల్లది."

"మళ్లీ చెప్పు."

"తెల్లదేనే. రేవులో క్రేను చెడిపోతే బాగుచేసేవాడు మనలో ఒక్కడున్నాడా? ఆస్పత్రికి మందులెక్కడ్నించి వస్తాయి? ముందు నాలుగు పనులు నేర్చుకుందాం. పదేళ్లాగి, అప్పుడు పొమ్మందాం. సొంతిల్లు కట్టుకోకుండా అద్దిల్లు ఖాళీ చేస్తామా?"

"అద్దిల్లా? ఎవరింట్లో ఎవరు అద్దెకున్నారయ్యా? మా తాతల కాలంనుంచీ ఇక్కడే ఉన్నారుగా వాళ్లు. క్రేను బాగుచేసేవాణ్ణి ఇప్పటిదాకా తయారుచెయ్యనివాళ్లు ఇంకో పదేళ్లలో చేస్తారా?"

"అదీ నిజమేలే," అన్నాడు నాబీ. "అయినా తెల్లదే."

అప్పుడు మహవా అంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పింది. ఆమె చిన్నప్పుడు ఊళ్లోకి పన్ను ధాన్యానికి దొర వచ్చాడు. వాళ్ల గంప వెలితిగా ఉందని దొర చెయ్యెత్తి చూపిస్తే, బంట్రోతు వచ్చి ఆమె తండ్రిని చెంపమీద కొట్టాడు. తండ్రి కిందపడ్డ టోపీ తీసి దులుపుకుని పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక దాని గురించి ఆయనా మాట్లాడలేదు, ఆమె కూడా మాట్లాడలేదు. ఆయన చనిపోయేదాకా అంతే.

నాబీ ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. పొద్దున లేచి, "మీ నాన్నని కొట్టినవాణ్ణి నేను వెనకేసుకురావట్లేదు. నా భయమంతా ఆకలి గురించి," అన్నాడు.

"అయితే ఇవాళ్టినించి దాని సంగతి బాగా తెలుస్తుందిలే," అని మహవా అన్నం కుండ బోర్లించింది.

మొగుడు వంటవాడన్న సంగతి ఆమె కోపంలో మర్చిపోయింది. సాయంత్రం నాబీ పెరట్లో మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశాడు. వేరుసెనగ పులుసు వాసన గోడ దాటింది. మొదట పక్కింటి వడ్రంగి మోమో వచ్చాడు. అతను ఇంకా ఆలోచిస్తున్నవాళ్లలో ఒకడు. మర్నాడు ఇంకో ముగ్గురొచ్చారు. వారం తిరిగేసరికి పేటలో ఆలోచించే మగవాళ్ల సంఖ్య బాగా పెరిగింది.

మోమో పెళ్లాం యారీ, మహవా దగ్గరికొచ్చింది. "అక్కా, మా ఆయన ఊదాచీటీ వేస్తానని ఒట్టేస్తే మళ్లీ వండిపెడతానన్నాను."

"ఒట్టేశాడా?"

"తొందరేముందంటున్నాడు."

తీర్మానాన్ని ఎవరూ రద్దు చేయలేదు. దాని సంగతి ఎత్తడం మానేశారంతే. మహవా మాత్రం కుండ బోర్లించే ఉంచింది. ఆ రోజుల్లో ఆమె ఏం తిన్నదో నాబీ అడగలేదు. పొద్దున్నే ముంతలో కాస్త పులుసు మిగిల్చి పోయేవాడు. వచ్చేసరికి ముంత కడిగి ఉండేది.

ఓటు రోజున బడి దగ్గర పెద్ద వరస. ఒక్కొక్కరికీ రెండు చీటీలూ ఇచ్చి తెర వెనక్కి పంపుతున్నారు. ఒకటి కవర్లో పెట్టి, రెండోది పారేయాలి. బడి నేలంతా తెల్లచీటీలే. నాబీకి ఊడ్చిన నేల మీద చెత్త వేసే అలవాటు లేదు. మిగిలిన చీటీ చేతిలో పట్టుకునే బయటికొచ్చాడు. అది ఊదాది.

ఊదాచీటీ వెయ్యమన్న పార్టీ కార్యకర్త సెకూబా అతని మెడ దగ్గర చొక్కా పట్టుకున్నాడు. "ద్రోహీ! దొరల ఎంగిలి తిన్న నోరు కదా!"

వరసలోంచి మహవా వచ్చింది. "చెయ్యి తియ్యి."

"అక్కా, మీ ఆయన తెల్లచీటీ వేశాడు!"

"నాకు తెలీదా? నెల్లాళ్లుగా నా చెవిలో చెబుతూనే ఉన్నాడు. అది వెయ్యకూడదంటే రెండెందుకు పంచారు?"

"మీరే ఇలా అంటే ఎలాగక్కా?"

"మనిషి మీద చెయ్యేసేవాళ్లు పోవాలనే నేనీ ఎండలో నిలబడ్డాను. వాళ్లు పోతుంటే నువ్వు మొదలెట్టావా?"

సెకూబా చెయ్యి తీశాడు. మహవా మళ్లీ వరస చివరికెళ్లి నిలబడింది. ఆమె చోటు అప్పటికే పోయింది. ఊదాచీటీ వేసి ఇంటికొచ్చి అన్నం వండింది. కూరలో ఉప్పెక్కువైంది. నాబీ ఆ రోజుకి తను చెప్పిన అభిప్రాయాలు చాలనుకుని ఊరుకున్నాడు.

దేశమంతా దాదాపు ఊదాచీటీయే వేసింది. దొరలు వారాల్లోనే సామాన్లు సర్దుకున్నారు. ద్యుఫ్రెన్ నాబీని, ఫ్రెంచివాళ్లు ఇంకా ఉన్న డకార్ పట్నానికి రమ్మన్నాడు, జీతం పెంచుతానన్నాడు. నాబీ ఆలోచిస్తానని వంటింట్లోకి వెళ్లాడు. అక్కడ దొరసాని పెట్టెలో పట్టని పింగాణీ పళ్లాలను ఒక్కొక్కటే నేలకేసి కొడుతోంది. ఏళ్ల తరబడి పగుళ్లు రాకుండా అతను కడిగిన పళ్లాలు అవి.

"అమ్మా, ఇక్కడే వదిలేస్తే వాటిల్లో మేం అన్నం తినేవాళ్లం కదా," అన్నాడు నాబీ.

ఆమె ఇంకోటి తీసుకుంది. నాబీ పెంకులు ఊడ్చి, చీపురు మూల పెట్టి, ఇంటికొచ్చేశాడు.

తర్వాత రేవు పక్కనే రేకులపాక వేసి అన్నం అమ్మాడు. క్రేను ఆగిపోయింది. దాని కిందే కూర్చుని కూలీలు తినేవారు. "చెప్పానా?" అనేవాడు నాబీ పెళ్లాంతో. "చెప్పావు. పళ్లాలు అందించు," అనేది మహవా. తన ఓటు తప్పని అతనూ ఒప్పుకోలేదు, ఆమె కూడా ఒప్పుకోలేదు.

కొన్నేళ్లకి, కొత్త సర్కారుకి నచ్చని అలాంటి మాటలన్నవాళ్లు రాత్రికి రాత్రి మాయమవడం మొదలైంది. యారీ తమ్ముడు బియ్యం దొరకడం లేదన్నాడు. మళ్లీ కనిపించలేదు. నాబీ "చెప్పానా" అనడం మానేశాడు. కూలీలు కూడా కూర రుచి గురించి తప్ప ఇంకేం మాట్లాడేవారు కాదు.

1977లో సంతలో సరుకులు లాక్కునే పోలీసుల మీద ఆడవాళ్లు తిరగబడ్డారు. దేశాధినేత భవనం దాకా నడిచారు. మహవాకి అప్పటికి మోకాళ్ల నొప్పులు. అయినా ముందు వరసలోనే వెళ్లింది. నాబీ వద్దనలేదు. "నీళ్లు తీసుకెళ్లు," అన్నాడు.

చీకటిపడ్డాక వచ్చింది, ఒక చెప్పు లేకుండా. గొంతు పూర్తిగా పోయింది.

"కొట్టారా?"

తలూపింది.

"సంత పోలీసుల్ని తీసేస్తారటా?"

మళ్లీ ఊపింది.

నాబీ నీళ్లు కాచి ఆమె కాలు కడిగాడు. గొంతు రావడానికి ఆమెకి వారం పట్టింది. ఆ వారమంతా పడవల దగ్గర ఆమె బదులు నాబీ బేరమాడాడు. చేపలకి చాలా ఎక్కువ ఇచ్చుకున్నాడు.