పోయిన నాలుగు

ఎమ్మెస్సీ ఫిజిక్సు ఆఖరి ఏడాది మా క్లాసులో అందరి ప్రాజెక్టూ ఒకటే: బెల్లంలో తేమ. అనకాపల్లిలో బెల్లానికి కొదవ లేదు, తేమ కొలిచే మిషను డిపార్టుమెంటులోనే ఉంది, పాత రిపోర్టులు బీరువాలో ఉన్నాయి. మూడూ మంచి కారణాలే. నేను మాత్రం ఫారంలో ‘అదనపు దిశలున్న విశ్వంలో సౌష్ఠవాలు’ అని రాసిచ్చాను.

హెచ్‌ఓడీ సార్ ఫారం వెనక్కి తోశారు. "కనపడని దానికి లెక్కేటయ్యా? సోమవారం అందరి ముందూ పది నిమిషాలు చెప్పు. ఒక్క సమీకరణం రాయకూడదు. అర్థమైతే సంతకం పెడతాను, లేదంటే బెల్లమే."

ఆదివారం ఏటికొప్పాక వెళ్లాను. లేతు మీద లక్క బొమ్మలు చేసే మా బావకి ముందు చెప్పి చూశాను. మనం ఎటు జరిగినా, ఎటు తిరిగినా, నిలకడైన వేగంతో ఎటు పోతున్నా ప్రకృతి నియమాలు మారవు. కాలంతో కలిపి జరగడాలు నాలుగు, తిరగడాలు మూడు, వేగాలు మూడు, మొత్తం పది సౌష్ఠవాలు. ఇంకో దిశ ఉంటే పదిహేను. ఆ దిశ చిన్న గాజులా చుట్టుకుపోతే పదకొండే.

"మరి నాలుగూ ఏటైపోయేయి?" అన్నాడు బావ, తిరుగుతున్న కర్రకు లక్క ఒత్తుతూనే.

"పోయాయి."

"పోయినోటికి సదువెందుకురా?"

బావ లేతు ఆపి, ఒక చెక్క బంతి, ఒక గుండ్రటి కర్ర నా చేతిలో పెట్టాడు. "బంతిని ఎటు తిప్పినా తేడా తెలీదు. కర్రని ఇలా దొర్లిత్తే తెలీదు గానీ, అడ్డంగా తిప్పితే తెలిసిపోతాది. కానీ కర్ర మీద పాకే సీమకి తెలుత్తదేటి? దానికి అన్నేపులా ఒకటే."

సోమవారం ఆ కర్రనే బల్ల మీద పెట్టాను. నియమం మారలేదు, చుట్టుకుపోయిన ఆకారమే ఆ నాలుగింటినీ దాచింది అన్నాను. ఈ కర్ర మీద పాకే చీమంత చిన్నగా అయి చూస్తే పదిహేనూ ఉన్నట్టే ఉంటాయి. ఆ నాలుగూ పోలేదు, మనమే మరీ పెద్దవాళ్లం.

"అయితే నువ్వు సీమవేటి మామా?" అన్నారెవరో వెనక బెంచీలోంచి. అందరూ నవ్వారు.

"ఈ పనికి చీమే కావాలి," అన్నాను.

సార్ కూడా నవ్వారు. "అర్థమైందయ్యా. టైటిల్లో బెల్లం అని ఎక్కడో ఒక్క మాట కలిపెయ్. ఎవరూ అడగరు."

"కలపను సార్."

"మార్కులు తగ్గితే?"

"తగ్గనివ్వండి."

ఆయన ఫారం మీద ఎర్ర ఇంకుతో ‘విద్యార్థి సొంత బాధ్యత’ అని రాసి, సంతకం చేశారు. ‘వాడే పరికరాలు’ అన్న గడి ఇంకా ఖాళీగా ఉంది. అందులో ‘లేవు’ అని రాసి, ఆ ఎర్ర అక్షరాల కింద నా సంతకం కూడా పెట్టాను.