గట్టు దాటని పాత ఊరు

నా పేరు ఒక పరిశోధన రిపోర్టులో ఎక్కుతోందండీ. ఆగండి, శాలువాలు గట్రా ఏమీ వద్దు. ఏ పేజీలో ఎక్కుతోందో విన్నాక మీరే నన్ను చూసి జాలిపడతారు. జాలి పడకపోయినా నవ్వుకోవడం మాత్రం ఖాయం.

సంగతేంటంటే, ఈ ఏడాది చేలల్లో మినుములు తీసేశాక యూనివర్సిటీ నుంచి హరిణి మేడమ్ అని ఒకావిడ వచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి, ఎండకి టోపీ, కాళ్ళకి బూట్లు. వెయ్యి, వెయ్యిన్నర ఏళ్ళ కిందట మన డెల్టాలో జనం ఎక్కడ ఊళ్ళు కట్టుకున్నారు, ఏ కాలవ ఎటు పారింది అని వెతకడం ఆవిడ పని. తవ్వకాలనుకునేరు, కాదు. నడక. చేలో వరసగా నిలబడి, మనిషికీ మనిషికీ మధ్య పది అడుగులు వదిలి, తల దించుకుని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడవాలి. కుండపెంకు కనపడితే ఏరాలి, కవర్లో వేసి చీటీ రాయాలి, ఆ చోటు ఫోన్లో గుర్తు పెట్టాలి. పెంకులు ఎక్కడ బాగా దొరికితే అక్కడ పాతకాలంలో ఊరున్నట్టు లెక్క.

మధ్యలో నీకేం పనంటారా? నాది పది తప్పిన చదువే. కానీ జీపు తోలతాను, గుడివాడ నుంచి దివిసీమ దాకా నాకు తెలియని డొంక లేదు. పైగా, "చేలో ఏదైనా దొరికితే గవర్నమెంటు లాక్కుంటుందేమో" అని కర్ర పట్టుకుని వచ్చే రైతుని గట్టు మీద కూర్చోబెట్టి, వాళ్ళ తాతల దగ్గర్నుంచి పలకరించి, చివరికి ఆయన చేతే మాకు మజ్జిగ తెప్పించగలను. అందుకని ఫీల్డ్ అసిస్టెంట్ అని పెట్టుకున్నారు. మాతోపాటు నడవడానికి ముగ్గురు ఆడ కూలీలు. వాళ్ళకి పెద్ద నాంచారమ్మ. నోరు తెరిస్తే మనిషిని గీరి వదిలిపెట్టే రకం.

ముందు దివిసీమలో రెండు వారాలు నడిచాం. నెత్తి మాడిపోయింది. అవనిగడ్డ చుట్టుపక్కల దొరికినవి మూడు పెంకులు, ఒక ప్లాస్టిక్ చెప్పు. "కృష్ణ తెచ్చిన ఒండ్రు కింద ఊళ్ళు కూరుకుపోయి ఉంటాయి బాబాయ్ గారూ" అన్నారు మేడమ్. ఆ మాటేదో మొదటి రోజే అనుంటే నా నడుమైనా మిగిలేది.

తర్వాత ముదినేపల్లి వైపు మారాం. మేడమ్‌కి అసలు ఆశ అక్కడే. పోయినేడు ఆవిడ అదే చుట్టుపక్కల నాలుగు చిన్న పల్లెల జాడ కనిపెట్టి మ్యాపులో నాలుగు చుక్కలు పెట్టుకున్నారు. ఆ నాలుగింటి మధ్యా ఒక పెద్ద ఊరు ఉండి తీరాలని ఆవిడ పట్టుదల. వాళ్ళ సారేమో ఫోన్ చేసి, "శుక్రవారం వస్తున్నాను. ఆ పెద్ద ఊరు చూపించగలిగితే సరే. లేకపోతే ఇక్కడ మూసేసి వేరే జిల్లాకి వెళ్దాం" అన్నారట. రెండేళ్ళ కష్టం. పాపం, ఆ రోజు ఆవిడ క్యారేజీ కూడా విప్పలేదు.

"దొరుకుతుందమ్మా. నేను వెతికి పెడతాగా" అన్నాను.

"మీరు కనిపెడితే రిపోర్టు మొదటి పేజీలోనే మీ పేరు వేస్తాను బాబాయ్ గారూ."

అంతే, నా బుర్ర తిరిగిపోయింది. సాయంత్రానికి మా ఆవిడకి చెప్పాను. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని చేసుకునే మా బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను. వాడు అడక్కపోయినా సరే.

మంగళవారం మధ్యాహ్నం. ఎటు చూసినా చేపల చెరువులే. మధ్యలో ఒక ఎకరన్నర చేను, దానికి ఉత్తరాన ఇంకో చేను. నేను కాస్త చాటుకి వెళ్ళి నిలబడ్డాను. ఏ పని మీదని అడక్కండి. తల దించితే కాళ్ళ దగ్గర ఎర్రటి పెంకు. పక్కన ఇంకోటి. అడుగు తీసి అడుగు వేస్తే మూడు. ఇటుక ముక్కలు, పూస ఒకటి, ఎక్కడ చూసినా పెంకులే.

మేడమ్ పరుగున వచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డారు. ఒక పెంకు అంచుని వేలితో తడుముతూ, "బాబాయ్ గారూ, అచ్చంగా మనకి కావలసిన కాలం" అన్నారు. కళ్ళలో నీళ్ళు. ఆవిడది పెద్ద ఊరి సంతోషం, నాది మొదటి పేజీ సంతోషం.

మర్నాడు కొలతలు మొదలెట్టాక నాంచారమ్మ నడుం మీద చెయ్యేసుకుని గట్టెక్కింది. "ఇదేం విడ్డూరం బాబాయ్? గట్టుకి ఇవతల గంపెడు పెంకులు. అవతల చేలో ఒక్కటి లేదు. ఆ కాలం వాళ్ళు కుండ కూడా సరిహద్దు చూసుకుని పగలగొట్టుకునేవాళ్ళా?"

మేడమ్ నా వైపు చూశారు. ఆవిడకీ అదే అనుమానం ఉన్నట్టుంది. ఇక్కడ నోరు మూసుకునుంటే సగం పరువైనా దక్కేది.

"అగ్రహారం అయ్యుంటుందమ్మా" అన్నాను. "రాజుగారు కొలిచి దానమిచ్చి ఉంటారు. ఇచ్చినంతలోనే కట్టుకున్నారు. పెద్దమనుషులు, పక్కవాడి గట్టు ఎందుకు దాటతారు?"

మేడమ్ మర్యాదకి నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నారు. ఒప్పుకున్నారనుకున్నాను నేను.

గురువారం ఆవిడ బోదె కాలవ పక్కన మట్టి చెక్కి చూశారు. పైన జానెడు మేర పెంకులు, దాని కింద శుభ్రమైన నల్లరేగడి. "ఊరన్నాక వందల ఏళ్ళు ఉంటారు కదా. మరి జానెడేనా?"

"ఎక్కువ కాలం ఉండలేదేమోనమ్మా. అద్దెకున్నారేమో."

నాంచారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

శుక్రవారం పొద్దున్నే సారు కారులో దిగారు. తెల్లజుట్టు, తక్కువ మాట. నేను చేను చుట్టూ తిప్పి రాజుగారు, దానం, అగ్రహారం మొత్తం వినిపించాను. ఆయన వంగి ఒక పెంకు ఏరి తిప్పి చూశారు. ఇంతలో చేను ఆసామి సాంబశివరావు గారు టీవీఎస్ బండి మీద వచ్చారు. యాభై దాటిన మనిషి. నేను ఉత్సాహంగా ఎదురెళ్ళి, "మీరెంత అదృష్టవంతులండీ, మీ చేను కింద ఒక ఊరుంది" అని మొదలెట్టాను.

ఆయన బండి స్టాండు వేసి, నా మొహం చూడ్డం మానేసి తల వంచి నా మాట వింటున్నారు. "ఈ గొంతు ఎక్కడో విన్నానండీ. మీరు ఒకప్పుడు ట్రాక్టరు తోలేవారు కదూ?"

"అవునండీ, కుర్రతనంలో" అన్నాను, గొప్పగా.

"అదీ సంగతి. ఇది మా పల్లపు చేనండీ. నీళ్ళు నిలిచి పైరు ఉరకెత్తి పాడైపోతుంటే మా నాన్నగారు ఒక ఎండాకాలం పాటిమన్ను తోలించారు. పాత ఊరి దిబ్బ మన్ను, ఎరువుకి ఎరువు, మెరకకి మెరక. తోలింది మీరేగా. ట్రాక్టరు ట్రక్కు తిరగేసినప్పుడల్లా ఒక కథ చెప్పేవారు. వీడు మన్ను కంటే మాటలెక్కువ దింపుతున్నాడ్రా అని మా నాన్నగారు నవ్వేవారు."

నా కాళ్ళ కింద భూమి కదిలిందని అనను. అది కదిలించి తెచ్చిన భూమే కదా. అయినా నేనెలా గుర్తుపడతానండీ? అప్పుడు చుట్టూ వరి, ఇప్పుడు చుట్టూ చెరువులు. దారి కూడా మారిపోయింది. ఈ మాటే మేడమ్‌కి చెప్పబోయాను. ఆవిడ చేతిలో పెంకుని మెల్లగా కవర్లో పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

సారు మాత్రం ఒక్కటే అడిగారు. "దిబ్బ ఎక్కడ?"

మూడు మైళ్ళు. మా అత్తగారి ఊరి శివారు. అక్కడికి జీపు తోలిందీ నేనే. వెళ్ళి చూస్తే అక్కడ చేపల చెరువు. మధ్యలో ఏరేటర్లు గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి.

"ఇక్కడ తాటిచెట్టు ఎత్తు దిబ్బ ఉండేదండీ" అన్నాను నీళ్ళకేసి చూపిస్తూ.

"ఎంతవరకు తవ్వారు?"

"అడుగంటా."

"మా బాబాయ్ ఏ పనీ సగంలో వదలడండీ" అంది నాంచారమ్మ.

మేడమ్ బ్యాగులోంచి మ్యాపు తీశారు. పోయినేటి చుక్కల మీద వేలు పెట్టి, "ఈ చేను?" అన్నారు. గొంతులో ఏ భావమూ లేదు.

తేరిపార చూశాను. "నేనే తోలానమ్మా."

"ఇది?"

"అదీ నేనే."

"ఈ కాలవ పక్కది?"

"అదైతే నేను కాదమ్మా." ఆవిడ మొహం కాస్త విచ్చుకుంది. "మా బావమరిది. అప్పట్లో వాడూ నాతోనే తోలేవాడు."

నాలుగోదాన్ని ఆవిడ అడగనేలేదు. అదీ మా పనేనని నేనే తల ఊపాను.

అప్పుడు సారు నవ్వారు. నవ్వి, "హరిణీ, నీ లెక్క తప్పు కాదమ్మా" అన్నారు. "నాలుగు చుక్కల మధ్యా పెద్ద ఊరు ఉండాలన్నావు. ఉంది. నిలబడ్డ చోటు చూడు. ఆ నాలుగూ దీన్లోంచే వెళ్ళాయి. ఇక దీని సంగతి తెలిసిన మనిషిని వదలకు."

మేడమ్ చెరువు గట్టు మీదే కూర్చుని నోట్‌బుక్ తెరిచారు. ఇటుకలు ఏ వైపు తగిలాయి, బూడిద ఎంత లోతులో, కుండలు నిలువుగా ఉన్నాయా బోర్లా ఉన్నాయా అని ఒకటే ప్రశ్నలు. నాకు మాట్లాడే అవకాశం ఇస్తే ఏమవుతుందో మీకు తెలుసుగా. రెండు గంటలు చెప్పాను. మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన బావి తగిలిందనీ, అందులో ఒక ఒరని మా అత్తగారు తెచ్చుకుని తులసిమొక్క పెట్టుకుందనీ, మిగిలినవి ట్రక్కు చక్రం కింద పటపటమన్నాయనీ కూడా చెప్పాను. ఆ పటపట దగ్గర ఆవిడ ఒక్క క్షణం కలం ఆపి, కళ్ళు మూసుకుని, మళ్ళీ రాయడం మొదలెట్టారు.

వేరే జిల్లాకి మాత్రం వెళ్ళలేదు లెండి. చెరువు గట్లలో మిగిలిన మన్ను చూడ్డానికి సారు సరేనన్నారు. మేడమ్ మళ్ళీ క్యారేజీ విప్పుతున్నారు. నన్నూ పనిలోంచి తియ్యలేదు. ఇప్పుడు పెంకులున్న చేను కనపడితే చాలు, ఏరకముందే నా వైపు తిరిగి, "ఇది మీరేనా?" అని అడుగుతున్నారు. అదీ నా కొత్త ఉద్యోగం.

మొన్న రిపోర్టు డ్రాఫ్టు ఫోన్‌కి పంపారు. అంతా ఇంగ్లీషు. నేను, మా ఆవిడ కళ్ళజోళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. మొదటి పేజీలో నా పేరు లేదు. రెండో పేజీలోనూ లేదు. నాలుగో చాప్టర్లో ఉంది, ఒకసారి కాదు, పదకొండు సార్లు. ఆ చాప్టర్ దేని గురించని ఫోన్ చేసి అడిగితే, "దిబ్బ ఎలా నాశనమైంది అనే విషయం బాబాయ్ గారూ" అన్నారు మేడమ్ మెత్తగా. "దిబ్బని కళ్ళారా చూసి పూర్తిగా చెప్పగలిగిన ఏకైక సాక్షి అని మీ గురించి రాశాను."

ఆ మాట మా ఆవిడకి గర్వంగా వినిపించాను.

"సాక్షేంటండీ" అంది, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ముద్దాయిని పట్టుకుని."