బురదోడి రెండో భాగం… మా నాయన గొంతు

ముందే చెప్తున్నా. ఎవరో చెప్తే విని, కొంచెం ఉప్పూకారం చల్లి మీకు చెప్పే కథ కాదిది. నా రెండు చెవులతో నేను విన్నది. ఈ చెవులు ఎట్లాంటివో మీకు తెలుసు. ఉదయగిరిలో బోరు మోటార్లు బాగుచేసే షాపు నాది. స్విచ్ వేస్తే చాలు, బేరింగ్ పోయిందో కాయిల్ కాలిందో మూత తీయకుండానే చెప్తాను. ఈ చెవులు నన్ను మోసం చేశాయని మీరంటే… అనుకోండి. నేనైతే ఒప్పుకోను.

బురదోడి సినిమా గుర్తుందా? అసలు పేరు వేరే. ఏదో పరాయి భాష సినిమా, తెలుగులోకి మార్చారు. ఆ పేరు మా ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు. ఎండిపోతున్న మడుగులోంచి ఒకడు లేచి వస్తాడు గదా, అందుకని బురదోడన్నారు.

నేనప్పుడు చాలా చిన్నవాణ్ణి. మా నాయన ఉదయగిరి హాల్లో గేటు మనిషి. ఆ రోజుల్లో పెద్ద ఊళ్ళల్లో ఆడి ఆడి, అరిగి, అతుకులు పడ్డాకే ప్రింటు మా ఊరికొచ్చేది. బురదోడి ప్రింటు వచ్చేసరికి, వాడు నోరు తెరిచిన చోటల్లా సౌండు చచ్చిపోయి ఉంది. అంత పెద్ద దయ్యం నోరు తెరుస్తుంది… బర్రుమని ఫిల్ము గీతల చప్పుడు. జనం నవ్వారు. దయ్యం సినిమాకి జనం నవ్వితే ఇంకేముంది? హాలు ఓనరు మా నాయన్ని పిలిచి, "తెర వెనక నిలబడి నువ్వు అరవాలి" అన్నాడు.

అరిచాడు. ఖాళీ డ్రమ్ములో తలపెట్టి అరిచాడు. ముందు మడమతో చెక్క మీద ఒక దెబ్బ… ఠప్. తర్వాత లోపలికి పెద్ద ఊపిరి. తర్వాత అరుపు. ఆడవాళ్ళు కొంగుల్లో మొహాలు దాచుకున్నారు. వరికుంటపాడు నుంచి, కలిగిరి నుంచి జనం బండ్లు కట్టుకొని వచ్చారు. నెల్లూరు పోయి మంచి ప్రింటు చూసొచ్చినవాళ్ళేమో, "అదేం సినిమా, డూప్లికేటు! అక్కడి బురదోడికి గొంతే లేదు" అని తిట్టుకున్నారు. మా ఊరోళ్ళకి అసలు సినిమా అంటే మా నాయన అరిచిందే.

ఆ గొంతు పోయింది. ముందు బొంగురు… తర్వాత ఉత్త గాలి… తర్వాత అదీ లేదు. నెల్లూరు డాక్టరు ఇక రాదన్నాడు. ఓనరు ఇంటికొచ్చి పలకరించిన పాపాన పోలేదు. ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు, వాడు గొర్రె మాదిరి అరిచేవాడట. నాయన పోయేదాకా మమ్మల్ని చప్పట్లు కొట్టే పిలిచాడు.

నాకు తెలివొచ్చేసరికి ఆయనకి మాట లేదు. నాకు గుర్తున్నది ఆ అరుపొక్కటే. చివర్లో సన్నగా చీలేది, గుడ్డ చింపినట్టు. మీకు మీ నాయనలు తిట్టింది గుర్తుంటుంది, ముద్దుపేరు పెట్టి పిలిచింది గుర్తుంటుంది. నాకు దయ్యం కూత. కడుపుమంటే నాకు, దాచుకోవడమెందుకు? అమ్మని చాలాసార్లు అడిగాను.

"మా, నాయన మాట ఎట్లుండేది?"

"ఏముండాది రా. మనిషి మాట మాదిరే ఉండేది."

అంతే. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు.

ఇన్నేళ్ళకి బురదోడికి రెండో భాగం తీశారు. ఆత్మకూరులో ఆడుతోందని మస్తాన్ చెప్పాడు. చిన్నప్పటినుంచి నా పక్కనుండేవాడు, కారుంది వాడికి. సెకండ్ షోకి బయల్దేరుతుంటే అమ్మ చెప్పులేసుకొని వాకిట్లో నిలబడింది. మొదటి సినిమా ఆడినన్నాళ్ళూ ఆ హాలు గడప తొక్కని మనిషి.

"నన్నూ తీస్కపోండి. మీ నాయన్ని మింగింది ఎట్లుండాదో చూస్తా" అనింది.

మస్తాన్ ఏదో జోకు వేయబోయి మానుకున్నాడు.

సినిమా గురించి ఏం చెప్పమంటారు? మొదటిదాంట్లో బురదోణ్ణి పూర్తిగా ఎవడన్నా చూశాడా? ఒక చెయ్యి. చీకట్లో తెరిచిన నోరు. తడి అడుగు. తలుపవతల ఊపిరి. అంతే, ఇంటికొచ్చి బాత్రూంకి పోవాలంటే తోడు కావాల్సొచ్చేది. ఈ రెండోదాంట్లో పేర్లు పడేటప్పుడే వాణ్ణి తెచ్చి నిలబెట్టారు. తల నుంచి కాలిదాకా, కంప్యూటర్‌లో కడిగి ఆరేసినట్టున్నాడు. వాడికో చిన్నతనం. వాడికో అమ్మ. వాడు ఏడుస్తాడు కూడా! దయ్యం ఏడుస్తుంటే నేను పాప్‌కార్న్ తింటున్నాను. మొదటిదాంట్లో మనిషి ఎందుకు చచ్చాడో తెలియక భయపడేవాళ్ళం. ఇందులో చచ్చే ముందు ప్రతివాడూ కారణం చెప్పి చస్తాడు. ఇక అరుపు… సింహమూ రైలూ కలిపి మిక్సీలో వేశారు. కుర్చీలు అదిరాయి గానీ నా ఒంటి మీద ఒక్క వెంట్రుక లేవలేదు.

దీనికోసమా మా నాయన గొంతు చించుకున్నది, అనిపించింది. లేచి పోదామనుకున్నా. అమ్మ మాత్రం రెప్ప వేయడం లేదు.

ఇంటర్వెల్ అయ్యి చాలాసేపయింది. బురదోడు మళ్ళీ మడుగులోంచి లేస్తున్నాడు. భుజాలు… తల… నోరు తెరిచాడు.

సౌండు పోయింది.

కరెంటు ఉంది. బొమ్మ నడుస్తోంది. చప్పుడు లేదు. "రేయ్, సౌండ్! సౌండ్!" అని వెనకనుంచి కేకలు. ఈలలు. ఒకడు గొర్రె మాదిరి అరిచాడు, నవ్వులు. అదంతా నాకు వినపడుతోంది… వినపడుతూ ఉండి, దూరం జరిగింది. తలుపు మెల్లగా మూస్తే బయట గోల తగ్గుతుందే, అట్లా.

ఠప్.

చెక్క మీద మడమ. తెర వెనక, ఎడమ పక్క, కింద.

మస్తాన్ వైపు చూశాను. ఫోను చూసుకుంటున్నాడు. ఠప్ తర్వాత ఏమొస్తుందో నాకు తెలుసు. రావద్దనుకున్నా… రావాలనుకున్నా.

వచ్చింది. లోపలికి తీసుకున్న ఊపిరి. పొడుగ్గా… తడిగా… ఆగి…

అరుపు.

పెద్దగా లేదు. స్పీకర్లలోంచి రాలేదు. ఒట్టి గొంతు, డ్రమ్ము లోపల తిరిగి తిరిగి బయటికొచ్చే గొంతు. చివర్లో సన్నటి చీలిక. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెప్తున్నా.

అమ్మ వైపు తిరిగాను. ఆమె ఉలిక్కిపడలేదు. కొంచెం ముందుకు వంగి, తల పక్కకు పెట్టి ఉంది. పక్కగదిలోంచి ఎవరో మాట్లాడుతుంటే వింటామే, అట్లా. "ఊ" అనింది. కాసేపాగి మళ్ళీ… "ఊ".

భళ్ళుమని సౌండు వచ్చేసింది. జనం చప్పట్లు.

నేను లేచి పరిగెత్తాను. పక్కతలుపు తోసుకొని తెర వెనక్కి పోయాను. సన్నటి సందు. స్పీకర్లు, వైర్లు, దుమ్ము. డ్రమ్ము లేదు. చెక్కా లేదు, కింద సిమెంటు. మడమతో తన్ని చూశాను, చప్పుడే రాలేదు. వాచ్‌మన్ టార్చి వేసి, "అన్నా, బాత్రూం అటుపక్క" అన్నాడు.

కారెక్కాక అడిగాను. మస్తాన్‌కి ఏమీ వినపళ్ళేదు. "సౌండ్ పోయినాది, మళ్ళా వచ్చినాది. ఏందిరా నీ గోల?" అన్నాడు.

ఉదయగిరి కొండ చీకట్లో కనపడేదాకా ఓర్చుకున్నా. ఇక ఆగలేక అమ్మని అడిగాను.

"మా, నాయన అరిచినాడు గదా? నువ్వు కూడా విన్నావు గదా?"

"అరవడమేంది?" అమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "నెమ్మదిగానే మాట్లాడినాడు."

నేను పూర్తిగా ఆమె వైపు తిరిగాను.

"మాట్లాడినాడా… ఏమన్నాడు?"

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాతో అన్న మాట రా అది. నీకెందుకు?" అనింది.

మర్నాడు నేనొక్కణ్ణే మళ్ళీ పోయాను. మొదటి నుంచి చివరిదాకా కూర్చున్నాను. ఇన్నేళ్ళు మిషన్లు బాగుచేసి బతికినవాణ్ణి, ఒక మిషను చెడిపోవాలని దేవుడికి దండం పెట్టుకున్నా. చెడిపోలేదు. సింహమూ రైలూ బ్రహ్మాండంగా పలికాయి.

అది నాయనో, నా పిచ్చో, ఇంకేదో… నాకు తెలియదు. అమ్మ ఇప్పుడు తనలో తాను నవ్వుకుంటూ బియ్యం ఏరుతుంది, అడిగితే లేచి వెళ్ళిపోతుంది. ఏదైనా కానీండి, ఆ వచ్చింది నాయనే అయితే మాత్రం నా బాధ ఒక్కటే. అంత దూరం నుంచి వచ్చినవాడు, ఆమెతో తీరిగ్గా మాట్లాడినవాడు… నన్ను ఒక్కసారి పేరు పెట్టి పిలిచిపోతే ఏం పోయింది?