బాణం గుర్తు దగ్గర ఆగని ముగ్గు

ఆ రోజుల్లో నాకు కోపం ముందొచ్చేది, తెలివి తర్వాతి బస్సుకొచ్చేది. హైదరాబాద్‌ల పుట్టి పెరిగినదాన్ని, ఫోన్ లేకుంటే ఒక చెయ్యి లేనట్టే ఉండేది. పీజీల ఉన్నప్పుడు మా యూనివర్సిటీ కోస్గి దిక్కు ఒక ఊరితోని కలిసి పరిశోధన పెట్టింది. మంచినీళ్ల ప్లాంటు ఒక్కటే పెడ్తరట, ఏడ పెట్టాల్నో ఊరోళ్లే చెప్తరట. "ఊరు, మనం సమానం" అని మా సారు తొవ్వ పొడుగూత ఒక్కటే చెప్పుడు. (సమానమన్న మనిషి కిటికీ పక్క సీటు మాత్రం ఎవ్వరికీ ఇయ్యలే.)

సారు పద్ధతేందంటే, పంచాయతీ ఆఫీసు ముంగట ఆడోళ్లు ముగ్గుతోని ఊరి పటం ఎయ్యాలె, నీళ్లకు ఎవరికి తిప్పలున్నదో దాంట్ల చూపియ్యాలె. పొద్దుగాల పిలిస్తే దగ్గరున్నోళ్లే వచ్చిన్రు. బడి, గుడి, సర్పంచ్ ఇల్లు, ఆయన బర్రెల కొట్టం కూడా పటంల పడ్డయ్. ఎండ ముదిరినంక ఊరవతలి కాలనీ ఆడోళ్లు కలుపు తీసి వచ్చిన్రు. వాళ్ల బోరు నీళ్లు ఉప్పగుంటయ్, ప్లాంటు కావాల్సింది వాళ్లకే. అందర్ల పెద్దామె, పెద్దవ్వ అంటరు, పటం చుట్టు తిరిగి "మా ఇండ్లేవి సారూ?" అన్నది.

"జాగ అయిపోయిందమ్మా. ఇగో, కాలనీ అటు అని బాణం గుర్తు పెట్టినం."

నాకు నెత్తిల మంట లేసింది. "బర్రెలకు జాగ ఉన్నది, మనుషులకు లేదా సార్?" అని అర్సిన. "నువ్వు ఫొటోలు తియ్, చాలు" అన్నడు. నేను ఇంకో మాట ఎతుక్కుంటుంటే పెద్దవ్వ ముగ్గు గిన్నె అందుకున్నది. "బాణం అటే కదా సారూ" అని, దాని కొసకెల్లి గీత మొదలువెట్టి పంచాయతీ గోడ దాటింది, సిమెంటు రోడ్డు దాటింది, మట్టితొవ్వ పట్టింది. వంగినామె వంగినట్టే పోతాంది. ఆమె వెనక కాలనీ ఆడోళ్లు, వాళ్ల వెనక వీడియో తీసుకుంట నేను, నా వెనక "పటానికో కొలత ఉంటదమ్మా! కొలత!" అనుకుంట సారు. ముగ్గు ఒడిసేటాలకు తన గడప ముంగట నిలబడి నడుము వట్టుకున్నది. "ఇగో, వచ్చినయ్ మా ఇండ్లు. పటంల ఎక్కిస్తవా, ఇంకో గిన్నె తేవాల్నా?" చెమటలు కక్కుతున్న సారుకు గిలాసల బోరు నీళ్లిచ్చింది. మింగలేక, ఉమ్మలేక (మర్యాద కదా) బుగ్గల పెట్టుకొని మమ్మల్నందరినీ చూసిండు. గంత కమ్మటి వీడియో నేను మళ్ల తియ్యలే.

ప్లాంటు కాలనీల్నే పెట్టిన్రు. సంబురపడ్డ. కొన్నాళ్లకు యూనివర్సిటీ సెమినార్‌ల చూస్తే, తెర మీద గా ముగ్గు గీత! "నడక పటం" అనే కొత్త పద్ధతట, కనిపెట్టింది మా సారట! పెద్దవ్వ పేరు ఏడ లేదు, "గ్రామస్తుల సహకారంతో" అట. సహకారమా? లేచి అర్సిన. మైకియ్యకున్నా అందరికీ ఇనవడ్డది. బయటకు పంపిన్రు. మెట్ల మీద కూసొని పెద్దవ్వకు ఫోన్ చేసి ఏడుపు, తిట్లు కలిపి చెప్పిన.

ఆమె అంతా ఇని అడిగింది: "అయితే మొత్తం ఆయన చేసిందేనంటనా?"

"అంతేనట అవ్వా!"

"మంచిదే బిడ్డా. మొన్నటిసంది ప్లాంటు మోటరు ఖరాబైంది, ఎవ్వరికి చెప్పాల్నో తెల్వకుండె. ఆయన నెంబరు పంపు."

కాలనీల ఇంటింటికీ పంపిన. మోటరు బాగైంది, సారు నెంబరు మార్చిండు. నా కోపమైతే గిప్పటికీ సల్లారలే. కానీ ఉద్యోగంల పడ్డంక నేను గూడ మీటింగులల్ల చెయ్యెత్తి, పిలిచేదాంక ఆగి, "క్షమించాలి సార్" అని మొదలువెడ్తున్న. మెట్ల మీద ముక్కు తుడుసుకుంట నెంబరు పంపిన గా పిల్ల ఇది చూస్తే నన్ను ఏమేం తిట్టేదో అనుకుంటే నవ్వొస్తది.