‘పొడుచుకు వచ్చు’కి నా సొంతవాక్యం

మా చిన్నప్పుడు, అంటే అరవైల మొదట్లో, సముద్రం ఒడ్డునున్న మైపాడు బడిలో మాటకు అర్థం చెబితే సరిపోయేది కాదు... లేచి నిలబడి సొంతవాక్యం కూడా చెప్పాలి.

ఐదో తరగతిలో ఒకరోజు మా అయ్యవారు నల్లబల్ల మీద ‘పొడుచుకు వచ్చు’ అని రాశారు. ఉన్నచోట అణిగి ఉండక బయటికి తోసుకు రావడమని చెప్పారు. గోడలోంచి మేకు, గంపలోంచి చేపతోక... అలాగన్నమాట.

నాకు భయం పట్టుకుంది. నా ముందుపళ్ళు రెండూ పెదవి దాటి ఉండేవి. అచ్చం మా నాయన పోలిక. నవ్వొస్తే నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని.

భయపడ్డంతా అయింది. వెనక వరసలో రమణయ్య లేచి, “నాగరత్నం పండ్లు ముందుకు పొడుచుకొచ్చినాయి” అన్నాడు. తరగతంతా గొల్లుమంది.

అయ్యవారు మాత్రం నవ్వలేదు. వాక్యంలో తప్పు లేదంటూనే, అరచేత్తో నోరు మూసుకున్న నావైపు తిరిగారు. “ఇప్పుడు నువ్వు చెప్పమ్మా. చెయ్యి తీసి చెప్పు.”

లేచాను... కళ్ళలో నీళ్ళు. ఎవరి మొహమూ చూడలేక కిటికీ వైపు తిరిగాను. ఒడ్డున ఇసుకలో పడవలు వరసగా ఉన్నాయి. అందులో మా నాయనదీ ఉంది.

“పడవ ముక్కు ముందుకు పొడుచుకొచ్చుంటేనే అలని చీల్చుకొని పోతాది, అయ్యోరా.”

తరగతిలో సగంమంది సముద్రం మీద బతికే ఇళ్ళ పిల్లలే... అది నిజమని వాళ్ళకు తెలుసు. అయ్యవారు నా వాక్యాన్ని నల్లబల్ల మీద రాసి, అందరిచేతా పలకల మీద రాయించారు. రమణయ్య కూడా తల వంచుకుని రాశాడు.

బడి వదలగానే వాడు నా దగ్గరికొచ్చి, క్షమాపణ సంగతి ఎత్తకుండా, “మా పడవ ముక్కు మీదానికన్నా పొడుగు” అన్నాడు.

ఇంకేముంది... తరగతి తరగతంతా ఒడ్డుకు పరుగు. జానలతో కొలిచాం. మాదే రెండు జానలు ఎక్కువ! ఇసుకలో గెంతుతూ పగలబడి నవ్వాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టలేదన్న సంగతి ఇంటికెళ్ళాక గానీ గుర్తు రాలేదు.

ఇప్పుడు మా మనవరాలి పళ్ళకు తీగ కట్టించారు... ఏడాది తిరిగేసరికి వరసలోకి వస్తాయట. ఏ మాటకైనా అర్థం ఫోనే చెప్పేస్తోంది. సొంతవాక్యం చెప్పమని లేపి నిలబెట్టేవాళ్ళే కరువయ్యారు...

ఏడుపు దిగమింగి మీరు చెప్పిన వాక్యం ఏదైనా ఉందా? ఉంటే ఇక్కడ రాయండి... అయ్యవారు లేకపోయినా వినడానికి మేమున్నాం.