నిన్నటి బిళ్ళ

నిలబడ్డవాడు నిలబడ్డట్టే కళ్ళు తిరిగి పడిపోయే జబ్బుకి పత్తిరైతు పానకాలుకు ఊళ్ళో డాక్టరు రోజుకో బిళ్ళ రాశాడు. అయినా పడడం తగ్గలేదు. రైతు బుర్ర కదా, చేలో పచ్చపురుగు మందుకు చావనప్పుడు చేసే పనే చేశాడు: మోతాదు రెట్టింపు! ఆ వారంలో నాలుగుసార్లు పడ్డాడు.

చివరికి గుంటూరు పోతే, అక్కడి డాక్టరమ్మ తిట్టాల్సినంతా తిట్టి, రక్తం తీసి హైదరాబాదు పంపించింది. పది రోజులకు రిపోర్టు వచ్చింది.

"పానకాలుగారూ, ఈ మందు అందరి ఒంట్లో తొందరగా అరిగిపోతుంది, మీ ఒంట్లో అరగదండి. నిన్నటి బిళ్ళ ఉండగానే ఇవాళ్టిది పడుతోంది. నాడి మందగించి పడిపోతున్నారు. ఇది అమ్మానాన్నల నుంచి వచ్చిన గుణం. మందు మారుస్తాను."

"అయితే నా చెల్లెలికీ ఉంటుందాండీ?"

"ఉండొచ్చు."

పానకాలు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. చెల్లెలు మల్లేశ్వరి బీపీకి అదే బిళ్ళ మింగుతోంది. మిరపకళ్లంలో తాలుకాయలు ఏరుతూ తూలిపోతుంటే పనిదొంగ అని ఊరంతా నవ్వుతోంది.

బస్సు సొంతూళ్ళో ఆగినా పానకాలు దిగలేదు. చెల్లెలి ఊళ్ళో దిగి, కళ్లం గట్టు మీంచే కేకేశాడు.

"ఒసేయ్ మల్లీ! నీది బద్ధకం కాదేమోనే! లే, డాక్టరమ్మ దగ్గరికి పోదాం! నిన్ను చూసి నవ్వినోళ్ళలో నేనే మొదటోణ్ణి, దారంతా నన్ను తిట్టుకుంటూ రా!"