ఇంక్యుబేటర్లో పెరుగు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. కానీ ఎనభైల్లో ఒక ఢిల్లీ జనవరిలో వచ్చిన కోపం మాత్రం న్యాయమైనది. అప్పట్లో తలచుకుంటేనే ఒళ్ళు మండేది. నేనూ, వరంగల్ అన్నా మునిర్కాలో ఒకే గదిలో ఉంటూ ఒకే ల్యాబులో రీసెర్చి చేసేవాళ్ళం. (అన్న నాకు సీనియరు, థీసిస్ ఇవ్వబోతున్నాడు.) నా పని తెల్ల రక్తకణాల మీద. ఒంట్లోకి క్రిములు చొరబడితే ఈ కణాలు ఒక ప్రొటీన్ వదులుతాయి. అది అందగానే మిగతా కణాలు "దొంగలు పడ్డార్రోయ్" అన్న కేక విన్నట్టు లేచి కూర్చుంటాయి. మనిషి ఆందోళన పడ్డప్పుడు ఊరే హార్మోను ఆ కేకను ఎంతవరకు అణిచేస్తుందో నేను తేల్చాలి. తేలిస్తేనే ఫెలోషిప్ పొడిగిస్తారు, లేకపోతే పెట్టె సర్దుకుని రైలెక్కడమే.

సోమవారం గైడుగారికి ఫలితాలు చూపించాలి. ఆదివారం పరీక్షిస్తే, క్రిములే కలపని కణాల డిష్‌లు కూడా (నోరు మూసుకుని పడుండాల్సినవి!) గొంతు చించుకుంటున్నాయి. ఇదేం ఖర్మరా అని, కణాల్ని ఒంటి వెచ్చదనంలో ఉంచే ఇంక్యుబేటర్ తలుపు బార్లా తీశాను. నా డిష్‌ల వెనకాల ఒక స్టీలు గిన్నె. మూత తీస్తే గడ్డ పెరుగు.

"ఇదేమిటన్నా?" అని పక్క బల్ల దగ్గరున్న అన్న మీద అరిచాను.

"గీ చలికి రూంల పాలు తోడుకుంటయా తమ్మీ? గిక్కడైతే మంచిగ వెచ్చగుంటది," అన్నాడు, అది తన వంటిల్లయినట్టు.

"పెరుగులో ఉండేవి క్రిములు కావా? నా కణాలన్నిటికీ అంటించావు కదా! నీకసలు బుద్ధుందా?"

అన్న మొహం పాలిపోయింది. "సారుకు తెలిస్తే నన్ను ఎల్లగొడ్తడు తమ్మీ."

తెలియాల్సిందే అనుకున్నాను. చెప్పాల్సిన మాటలన్నీ పళ్ళు నూరుతూ వల్లె వేసుకుని మర్నాడు గైడుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన కాగితాలు తిరగేసి, "అచ్ఛా, అన్నీ అరుస్తున్నాయే! ఏం జరిగింది?" అన్నారు. గుమ్మం బయట అన్న నిలబడి ఉన్నాడు. (అంత చలిలోనూ మహానుభావుడికి చెమటలు!)

"నేనే శుభ్రత సరిగ్గా చూసుకోలేదు సార్," అన్నాను. ఏ దయ్యం పట్టిందో నాకు!

"అయితే మొదటినుంచీ మళ్ళీ చెయ్యి. ఫెలోషిప్ సంగతి ఆ తరవాత చూద్దాం," అన్నారాయన.

చేశాను. పొడిగింపు చచ్చీచెడీ వచ్చింది. ఆ చలికాలమంతా అన్నతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. అతను మాత్రం పాలగిన్నెకు తను కప్పుకునే రజాయి చుట్టి, తాను వణుకుతూ పడుకుని, రోజూ పెరుగు తోడుపెట్టేవాడు. కుర్రాడిగా నాకున్న ఆ రోషం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మొహం అటు తిప్పుకునే, కంచం మాత్రం ఆ పెరుగు గిన్నె వైపు జరిపేవాణ్ణి.